రోజూ వచ్చే బండి

2017 ఆగస్టు 31 తెల్లవారేసరికి టెక్సస్‌ రాష్ట్రం బోమాంట్‌లో కొళాయిలు ఎండిపోయాయి. ఊరి చుట్టూ ఎటు చూసినా నీళ్లే. అంతకు ఆరు రోజుల ముందు హార్వీ తుఫాను రాక్‌పోర్ట్‌ దగ్గర తీరం దాటింది. దాటి వెళ్లిపోయి ఉంటే ఇంత నష్టం ఉండేది కాదు. అక్కడక్కడే తచ్చాడుతూ రోజుల తరబడి కురిసింది. మా పక్కనే ఉన్న నెదర్లాండ్‌ అనే ఊళ్లో అరవై అంగుళాలు దాటి వాన పడింది. నెచెస్‌ నది పొంగి, ఊరికి నీళ్లు తోడే పెద్ద పంపుల్ని ముంచేసింది. ప్రత్యామ్నాయంగా ఉన్న లోబ్‌ బావులు కూడా పనిచేయడం మానేశాయి. సుమారు లక్షా పద్దెనిమిది వేల మంది ఉన్న ఊరు. నీళ్లు లేక పెద్దాసుపత్రి తన రోగుల్ని అంబులెన్సుల్లో, హెలికాప్టర్లలో వేరే ఊళ్లకు తరలించింది. రోడ్లు మునిగి ఊరు దీవిలా మిగిలింది.

వరద వచ్చిన చోట తాగడానికి నీళ్లుండవన్న సంగతి వరద చూడనివాళ్లకు ఒక పట్టాన బోధపడదు. ఇళ్లలోకి వచ్చిన నీటిలో మురుగుంటుంది, చచ్చిన జంతువులుంటాయి. మాది ఆయిల్‌ రిఫైనరీల ప్రాంతం కాబట్టి ఇంకా ఏమేం కలిసి ఉంటాయో చెప్పలేం. నది గుమ్మం దాకా వచ్చినా గుక్కెడు నీళ్లు గ్లాసులోకి రావు. కట్టుబట్టలతో బయటపడ్డవాళ్లు మొదట అడిగేది అన్నం కాదు, నీళ్లు.

మా వీధి చివర ఉండే కుర్రాడిది నెల్లూరు జిల్లా. కావలికి పడమట, కలిగిరి దారిలో ఒక పల్లె. ఇక్కడి లామర్‌ యూనివర్సిటీలో ఎమ్మెస్‌ చేసి, రిఫైనరీలో ఉద్యోగం చూసుకుని ఇక్కడే స్థిరపడ్డాడు. నన్ను అన్నా అని పిలుస్తాడు. ఆ వేసవిలో భార్య పురిటికి రావలసిన అత్తగారికి వీసా రాకపోవడంతో వాడి తల్లే వచ్చింది, నేను పెద్దమ్మా అని పిలిచే ఆవిడ. ఆడపిల్ల పుట్టింది. తుఫాను నాటికి ఆ పసిదానికి నెల నిండలేదు.

పెద్దమ్మ గురించి వాడు నాకు చాలాసార్లు చెప్పాడు, చెప్పిన ప్రతిసారీ గర్వంగానే చెప్పాడు. 1992లో దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం చుట్టుపక్కల పల్లెలకు పాకినప్పుడు ఆమె ముందు వరసలో నిలబడింది. అప్పట్లో సారా అంటే ఎవరో చాటుమాటుగా కాచి అమ్మేది మాత్రమే కాదు. వారుణి వాహిని పేరుతో సర్కారే ప్యాకెట్లలో పోయించి, వేలంలో పాడుకున్న కంట్రాక్టర్ల ద్వారా పల్లెపల్లెకూ చేర్చిన సరుకు. తాగునీళ్ల కోసం బిందెలతో మైళ్లు నడిచే ఊళ్లకు కూడా సారా ప్యాకెట్టు గడప దాకా వచ్చేది. రాత్రి బడిలో వయోజన విద్య వాచకంలోని సీతమ్మ కథ చదివిన ఆడవాళ్లు పలకలు పక్కనపెట్టి, దుకాణాలు మూయించడానికి లేచారు. పెద్దమ్మ అక్షరాలు నేర్చుకున్నది కూడా అలాంటి బడిలోనే. ప్యాకెట్లు చించి మట్టిలో పారబోశారు. బండ్లకు అడ్డంగా కూర్చున్నారు. వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. ఆ రెండోది మూడేళ్లు కూడా నిలవలేదు. అయినా ఆ ఆడవాళ్ల గెలుపు నా దృష్టిలో చాలా పెద్దది. అక్షరం ముక్క వచ్చీ రాగానే ఊరిని బాగుచేయడానికి పూనుకున్నవాళ్లు చరిత్రలో ఎంతమంది ఉంటారు?

వాళ్ల నాయన గురించి చెప్పినప్పుడు వాడి గర్వం ఇంకొక రకంగా ఉండేది. ఆయన డ్రైవరు. వాడు ఇంటర్‌ చదువుతుండగా పోయారు. హాల్లో సోఫాకి ఎదురుగా ఆయన ఫొటో పెద్దది చేయించి పెట్టాడు. తెల్లచొక్కాతో నిలబడి, ఒక చెయ్యి జీపు బానెట్‌ మీద వేసి ఉంటాడాయన. ఆ బానెట్‌ మీద రెండు జడల ఆడపిల్ల కాళ్లు వేలాడేసుకుని నవ్వుతూ ఉంటుంది. అది వాడి అక్క. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫానులో పోయింది. అప్పటికి ఆ పిల్లకు ఆరేళ్లు, వాడికి నాలుగు. ఆ ఇంట్లో ఆ పిల్ల ప్రస్తావన ఎవరూ తేరు. తుఫానులో పోయిందన్నంతవరకే వాడికి తెలుసు.

బోమాంట్‌లో నీళ్లు పంచే చోట మా వీధివాళ్లం కొందరం, లామర్‌లో చదివే మన పిల్లలు కొందరు సాయానికి నిలబడ్డాం. కార్ల వరస మైలు దూరం ఉంది. ఒక్కొక్క కారు వచ్చి ఆగుతుంది, డిక్కీ తెరుస్తారు, మేం నీళ్ల కేసు పెట్టి మూత వేస్తాం, బండి కదులుతుంది. ఎవరి ముఖంలోనూ నిద్ర ఆనవాలు లేదు. ఒక ముసలాయన డిక్కీ మూసే దాకా కూడా ఆగలేక, ఒక సీసా తీసి అక్కడే మూత తిప్పి గటగటా తాగేశాడు.

మధ్యాహ్నానికి సీసాలు అయిపోవచ్చాయి. అప్పుడు వచ్చింది ఆ లారీ. పక్కల మీద నిలువెత్తు అక్షరాల్లో బీరు కంపెనీ పేరు. మన పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇలాంటి సమయంలో బీరెవరికని ఒకడు పైకే అన్నాడు. వెనక తలుపు ఎత్తగానే కనిపించినవి తెల్లటి డబ్బాలు. వాటి మీద తాగునీరు అన్న మాట, దాని దగ్గరే బీరు కంపెనీ గుర్తు.

బడ్‌వైజర్‌ చేసే ఆన్‌హైజర్‌-బుష్‌ కంపెనీ 1988 నుంచి ఈ పని చేస్తోంది. జార్జియా రాష్ట్రం కార్టర్స్‌విల్‌లో వాళ్ల ఫ్యాక్టరీ ఉంది. అక్కడ బీరు నింపడం ఆపి, గొట్టాలు శుభ్రంగా కడిగి, అదే మిషన్ల మీద అలాంటి డబ్బాల్లోనే మంచినీళ్లు నింపుతారు. ఏడాదిలో అప్పుడప్పుడు ఇలా నింపి నిల్వ పెట్టుకుంటారు. తుఫాను వచ్చాక కావాలంటే మళ్లీ బీరు ఆపి నీళ్లు పడతారు. ఏ ఊరికి పంపాలో రెడ్‌క్రాస్‌ చెబుతుంది. తర్వాత కొలరాడోలోని ఫోర్ట్‌ కాలిన్స్‌ ఫ్యాక్టరీలోనూ ఇది మొదలైంది.

బీరు ఫ్యాక్టరీయే ఎందుకంటే, బీరులో నూటికి తొంభై పాళ్లకు మించి నీళ్లే. రుచి చెడకుండా నీటిని వడకట్టి శుద్ధి చేసే ఏర్పాటు వాళ్లకు ముందే ఉంటుంది. నిమిషానికి వందల డబ్బాలు నింపి మూత బిగించే మిషన్లూ ఉంటాయి. రిఫైనరీలో పనిచేసే మా కుర్రాడికి ఇందులో ఆసక్తి ఎక్కువ. బీరుకైతే లోపలి గ్యాసు ఒత్తిడి వల్ల పలచటి రేకు డబ్బా గట్టిగా నిలుస్తుంది, ఉత్త నీళ్లకు ఆ ఒత్తిడి ఉండదు, అందుకని ఇలాంటి డబ్బాల్లో మూత బిగించే ముందు ఒక్క చుక్క ద్రవ నైట్రోజన్‌ వేస్తారు, అది ఆవిరై డబ్బాను లోపలి నుంచి నొక్కి పట్టుకుంటుంది. ఇదంతా ఆ వరసలో నిలబడే నాకు చెప్పాడు. వీటన్నిటికంటే ముఖ్యమైంది బండి. ఏ మూల ఊళ్లో ఏ దుకాణానికి ఏ దారిలో వెళ్లాలో బీరు లారీ డ్రైవర్లకు కొట్టినపిండి. ఆ దారినే ఈసారి నీళ్లు వచ్చాయి.

ఇదంతా ప్రచారం కోసమేనని అన్నవాళ్లున్నారు. 2018 ఫిబ్రవరిలో సూపర్‌బౌల్‌ ఆట మధ్యలో ఆ కంపెనీ ఈ నీళ్ల డబ్బాల మీదే ఒక నిమిషం ప్రకటన వేసింది. అర్ధరాత్రి ఫోను మోగడం, మేనేజరు లేచి ఫ్యాక్టరీకి వెళ్లడం, బీరు ఆగి నీళ్లు నిండడం. దానికి కోట్లు ఖర్చయి ఉంటుంది, ఆ డబ్బుతో ఇంకెన్ని డబ్బాలు నింపవచ్చో అన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ ఆ వరసలో నిలబడి చూసినవాణ్ని నేను. నీళ్లు ముందు వచ్చాయి, ప్రకటన తర్వాత వచ్చింది. నాకు ఆ వరసే ముఖ్యం.

లారీ డ్రైవరు నడివయసు మనిషి. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి ఉంది. ఎన్ని రోడ్లు మూసి ఉంటే ఎన్ని చుట్లు తిరిగి వచ్చాడో చెప్పాడు. మా కుర్రాడు ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. డ్రైవరు వెళ్లిపోయాక నాతో అన్నాడు:

"మా నాయన కూడా ఇట్టాగే వచ్చినాడన్నా. తుఫానప్పుడు. మూడు దినాలు ఊరికి దావ లేదు. ఒక్క బండి రాలేదు. మూడో దినం సాయంత్రం జీపు హారను వినిపించింది. నాకు నాలుగేళ్లే గానీ ఆ హారను ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఊరంతా బిందెలెత్తుకుని ఉరికింది. నన్నెవరో భుజాన ఎక్కించుకున్నారు. వాగులో జీపు దించి వచ్చినాడంట నాయన. కలెక్టరు బండే రాలేని చోటికి!"

అది చెబుతున్నప్పుడు వాడి కళ్లు తడిశాయి. అలాంటి తండ్రి ఉన్నవాడు అదృష్టవంతుడనుకున్నాను. ఆ మాటే వాడితోనూ అన్నాను.

ఆ సాయంత్రం వాడి వాటాకు వచ్చిన కేసుతో పాటు, పసిబిడ్డ ఉన్న ఇల్లు కాబట్టి ఇంకొకటి కూడా తీసుకుని ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం. పెద్దమ్మ వాకిట్లోకి ఎదురొచ్చింది. డబ్బా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం మనవరాలి కోసం వచ్చాక నేర్చుకుంటోంది.

"ఏందబ్బయ్యా ఇది?"

"నీళ్లమ్మా. బీరు కంపెనీవోళ్లు పంపించినారు."

ఇక ఆమె వరసగా అడగడం మొదలుపెట్టింది. బీరు చేసే చోటే నీళ్లు పట్టినారా? బీరు ఆపేసి మరీ పట్టినారా? ఎవరు ఆపమన్నారు, సర్కారా, కంపెనీ యజమానా? తెచ్చింది దినామూ బీరు తెచ్చే లారీయేనా? తోలిందీ ఆ డ్రైవరేనా?

గొట్టాల్లో బీరు మిగిలి నీళ్లలో కలిసిందేమోనని ఆమె భయమని వాడు అనుకున్నాడు. ఓపిగ్గా కూర్చోబెట్టి ఫ్యాక్టరీ సంగతంతా చెప్పాడు. ఆమె అంతా విని చివరికి ఇంకొకటి అడిగింది.

"లారీలో బీరు ఏమీ లేదా?"

"ఒక్క డబ్బా కూడా లేదమ్మా."

"లారీ నిండా నీళ్లేనా?"

"లారీ నిండా నీళ్లే."

ఆమె ఇంకేమీ అనలేదు. డబ్బా మూత తీసి, గిన్నెలో పోసి కాచి, చల్లార్చి, పసిదానికి పాలపొడి కలిపింది. కోడలికి గ్లాసు నిండా ఇచ్చింది. మా ఇద్దరికీ తలొకటి చేతిలో పెట్టింది. తను మాత్రం తాగలేదు. ఫ్రిజ్‌లో మిగిలిన మజ్జిగ కాస్త గొంతులో పోసుకుంది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడు మజ్జిగ కూడా అయిపోయింది. ఆమె పెదాలు పగిలాయి. బీపీ మాత్ర వేసుకోవడానికి రెండు గుక్కల పాలు అడిగి తీసుకుందట. కోడలు భయపడి నాకు ఫోన్‌ చేసింది. వెళ్లేసరికి తల్లీ కొడుకులు ఆ ఫొటో కింద సోఫాలో కూర్చుని ఉన్నారు. మధ్యలో బల్ల మీద మూత తీసిన డబ్బా.

"నువ్వన్నా చెప్పన్నా" అన్నాడు వాడు. "పంతం పట్టింది. జీవితమంతా సారా మీద కొట్లాడింది, నిజమే. కంపెనీ పేరు చూస్తేనే కడుపు తిప్పతా ఉంటుంది, కాదనను. కానీ ఈ నీళ్లేం పాపం చేసినాయి?"

"పెద్దమ్మా, ఒట్టేమన్నా పెట్టుకున్నారా?" అన్నాను. "ఆపదలో ఏ ఒట్టూ అడ్డం కాదంటారు."

"ఒట్టేం లేదు నాయనా. అంటరానివనుకుంటే పసిదానికి పట్టిస్తానా?" అందామె. "గొంతు దిగటం లేదు, అంతే."

కొడుకు ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. డబ్బా ఎత్తి ఆమె చేతుల్లో పెట్టి, ఆ చేతుల్ని తన చేతులతో పట్టుకున్నాడు.

"అమ్మా, నాయనని తలుచుకో. ఆ దినం వాగుకి అడ్డం పడి ఊరికి నీళ్లు తెచ్చినాడు. ఆ నీళ్లు తాగే గదా నువ్వూ నేనూ బతికినాం. ఈ లారీ కూడా అట్టాంటిదే. నాయన తెచ్చినాడనుకుని తాగు."

ఆమె కొడుకు ముఖంలోకి చూసింది.

"నాయన నీళ్లు తెచ్చినాడని నీకెవరు చెప్పినారు?"

"ఎవరో చెప్పేదేందమ్మా, నాకు గుర్తుంది గదా! హారను వినపడతానే అందరూ బిందెలెత్తుకుని..."

"ఉరికినాం. నేనూ ఉరికినా." ఆమె గొంతు ఎండిపోయి మాట గీరుకుపోతోంది. డబ్బా ఇంకా చేతుల్లోనే ఉంది. "చెరువు తెగి ఊరి మీద పడింది. బావిలో గొడ్లు చచ్చి తేలినాయి. ఇంట్లో ఉండేది ఆ బావి నీళ్లే. కాచి ఇద్దామంటే కట్టెలన్నీ తడిసి పొయ్యి రాజదు. రెండో దినం పొద్దున్నించి మీ అక్కకి వాంతులు, విరేచనాలు. నీళ్లు నీళ్లని అడగతానే ఉండింది. ఇస్తే కక్కేది, ఇవ్వకపోతే ఏడ్చేది. నీళ్ల బండి ఎప్పుడొస్తదంటే, దావ లేదు, ఎట్టా వస్తదన్నారు. మూడో దినం మీ నాయన జీపు హారను ఇనపడింది. దావ లేని చోట దావ చేసుకోని వచ్చినాడు. మీ అక్కని మంచం మీద పడేసి నేనే అందరికంటే ముందు పోయినా. నేనే పట్టా ఎత్తినా."

"నీళ్లే గదమ్మా?" అన్నాడు కొడుకు. అప్పటికే వాడి గొంతు మారిపోయింది.

"కంట్రాక్టరు జీపు గదా అబ్బయ్యా అది. మూడు దినాలుగా అమ్మకం పడిపోయిందని నిండా ఎక్కించి తోలినాడంట. అన్నీ సారా ప్యాకెట్లే. ఒక్క బిందెడు నీళ్లన్నా ఎయ్యలేకపోతివా అని మీ నాయన కాలర్‌ పట్టుకుని అడిగినా. చోటు లేదన్నాడు."

మేమిద్దరం మాట్లాడలేకపోయాం. ఆమె మాట్లాడింది.

"తెల్లారేసరికి సరుకంతా అమ్ముడుపోయింది. మీ అక్కని వల్లకాటికి ఆ జీపులోనే ఎత్తకపోయినాం. అప్పుడు చోటు ఉండింది."